మన వివరాలను ప్రభుత్వం ఎలా కాపాడుతోందో అడిగి తెలుసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మీసేవ కేంద్రంలోనో, గ్రామ సచివాలయంలోనో, రేషన్ దుకాణంలోని వేలిముద్రల యంత్రం దగ్గరో మనం ఇచ్చే వివరాలు ఆ తర్వాత ఎవరి చేతికి చేరుతాయన్న సందేహం చాలామందికి ఉంది. పదే పదే అవే ప్రశ్నలు వస్తుండడంతో వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఈ పేజీలో "ఆర్టీఐ చట్టం" అంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం. "డేటా చట్టం" అంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం.

## వివరాలు ఇచ్చే ముందు

నా వివరాలను ఎలా కాపాడుతున్నారో ప్రభుత్వం నాకు చెప్పి తీరాలా?

చెప్పాలి. గోప్యత ప్రాథమిక హక్కేనని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కులో ప్రభుత్వం జోక్యం చేసుకోవాలంటే దానికొక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, తీసుకునే చర్య ఆ ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలి. ఈ మూడూ ఉన్నాయో లేదో తేల్చాలంటే ప్రభుత్వం ఏం సేకరిస్తోందో, ఎవరికి ఇస్తోందో ముందు బయటికి తెలియాలి. మరోవైపు ఆర్టీఐ చట్టం 4(1)(బి) సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. తన దగ్గర ఏయే రకాల పత్రాలున్నాయి, ఎలక్ట్రానిక్ రూపంలో ఏ సమాచారం ఉంది అన్నవి కూడా ఆ 17లోనే ఉన్నాయి. చాలా కార్యాలయాల వెబ్‌సైట్లలో ఈ భాగం ఏళ్ల తరబడి మార్పు లేకుండా పడి ఉంటుందన్నది వేరే సంగతి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మీ వివరాలు గోప్యంగా ఉండాలి. వాటిని ఎవరు చూడవచ్చు, ఏ నిబంధన కింద చూడవచ్చు, చూసినట్టు ఎక్కడ నమోదవుతుంది అన్నవి మాత్రం బహిరంగంగా ఉండాలి. ఈ రెంటినీ కలగలిపి, రెండోదాన్ని కూడా గోప్యమనే చెప్పి పంపించేయడం కార్యాలయాల్లో తరచుగా కనిపించే ధోరణి.

ఇంటికి సర్వేకి వచ్చారు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాల్సిందేనా?

అది ఏ సర్వే అన్నదాన్ని బట్టి ఉంటుంది. జనగణన అయితే 1948 నాటి జనగణన చట్టం కింద జరుగుతుంది. ఆ చట్టం ప్రకారం జవాబు చెప్పడం తప్పనిసరి. దానికి బదులుగా 15వ సెక్షన్ మీ జవాబులకు రక్షణ ఇస్తుంది. ఎన్యూమరేటర్ రాసుకున్న వివరాలను మరొకరు తనిఖీ చేయడానికి వీలుండదు, వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడుకోవడానికీ సాధారణంగా వీలుండదు. 2027 జనగణనలో వివరాలను ఫోనుల్లో, ట్యాబుల్లో నమోదు చేసినా ఈ రక్షణ మారదు.

రాష్ట్ర ప్రభుత్వాలు చేసే సర్వేలు వేరు. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒకే రోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే గానీ, 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులగణన సర్వే గానీ జనగణన చట్టం కింద జరిగినవి కావు కనుక 15వ సెక్షన్ రక్షణ వాటికి వర్తించదు. అందువల్ల ఇలాంటి సర్వేకు ఎవరైనా వచ్చినప్పుడు ఏ జీఓ కింద వచ్చారని, ఈ వివరాలను ఏ శాఖ ఎంతకాలం దాచుతుందని, చెప్పకపోతే ఏమవుతుందని అడగడం పూర్తిగా సమంజసం. ఆ అడిగేదేదో మర్యాదగా అడగండి; ఎండలో గడప గడపకూ తిరుగుతున్న ఆ టీచరుకో అంగన్‌వాడీ కార్యకర్తకో ఈ జవాబులు ఎవరూ చెప్పి ఉండరు.

సమ్మతి ఫారం అంతా ఇంగ్లీషులో ఉంది. తెలుగులో కావాలని అడగవచ్చా?

అడగవచ్చు. సమ్మతి తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలని డేటా చట్టం చెబుతోంది. ఏ వివరాలు తీసుకుంటున్నారు, ఎందుకు తీసుకుంటున్నారు, సమ్మతిని ఎలా వెనక్కి తీసుకోవచ్చు, ఎవరికి ఫిర్యాదు చేయాలి అన్నవి ఆ నోటీసులో ఉండాలి. అయితే చట్టంలోని ఈ భాగం వెంటనే అమల్లోకి రాలేదు. 2025 నవంబరు మధ్యలో నియమాలు ప్రకటించినప్పుడు ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఆ లెక్కన అవి 2027 మే నుంచి అమలవుతాయి. అంతవరకు ఇది బలవంతం చేయగలిగిన హక్కు కాకపోయినా, తెలుగు ప్రతి కావాలని రాతపూర్వకంగా అడగడానికి అడ్డేమీ లేదు.

ప్రతి ఆఫీసులో ఆధార్ జిరాక్స్ అడుగుతున్నారు. వేరే దారి లేదా?

ఉంది. మొదటి 8 అంకెలు మరుగున ఉండి, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను మైఆధార్ పోర్టల్ నుంచి దించుకోవచ్చు. గుర్తింపు చూపడం మాత్రమే అవసరమైన చోట అది సరిపోతుంది. ఆన్‌లైన్ ధ్రువీకరణ అవసరమైన చోట ఆధార్ నంబరుకు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వవచ్చు. దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.

మండల కార్యాలయాల ఎదుట ఉండే జిరాక్స్ షాపును ఒకసారి గమనించండి. యంత్రం మూత ఎత్తితే, హడావిడిలో ముందు మనిషి మరిచిపోయిన కార్డు అద్దం మీదే ఉంటుంది. సరిగ్గా పడని కాపీలు పక్కన అట్టపెట్టెలో పోగుపడి, సాయంత్రానికి మిరపకాయ బజ్జీల పొట్లాలవుతాయి. సర్వర్ల భద్రత గురించి ఎంత పెద్ద మాటలు చెప్పుకున్నా, మన నంబర్లు బయటికి పొక్కే దారుల్లో ఇదొకటి. ఇవ్వక తప్పని జిరాక్స్ మీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి సంతకం చేయడం పాత అలవాటే అయినా మంచి అలవాటు.

## వివరాలు ప్రభుత్వం దగ్గరికి చేరాక

నా ఆధార్‌ను ఎవరెవరు, ఎప్పుడు వాడారో చూడగలనా?

చూడగలరు. మన దేశంలో సామాన్యుడికి నేరుగా అందుబాటులో ఉన్న అత్యంత పారదర్శకమైన సదుపాయాల్లో ఇదొకటని చెప్పాలి. అయినా వాడేవారు తక్కువ. మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి ధ్రువీకరణ చరిత్రను తెరిస్తే గత 6 నెలల్లో జరిగినవి, ఒక విడతకు గరిష్ఠంగా 50 వరకు, వరుసగా కనిపిస్తాయి. ఒక్కో వరుసలో తేదీ, సమయం, వేలిముద్రా ఓటీపీయా అన్న వివరం, అడిగిన సంస్థ పేరు, ధ్రువీకరణ నెగ్గిందా విఫలమైందా అన్నది ఉంటాయి. మీరు హైదరాబాదులో ఆఫీసులో ఉన్న మధ్యాహ్నం వేళ మీ వేలిముద్రతో ఎక్కడో ఒక ధ్రువీకరణ నెగ్గినట్టు కనబడితే వెంటనే బయోమెట్రిక్‌ను లాక్ చేసి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయాలి.

ఈ జాబితాలో "ఎందుకు" అన్న గడి మాత్రం ఉండదు. అది లోపం కాదు. ధ్రువీకరణ ఏ పనికోసం జరిగిందన్న సమాచారాన్ని ఆధార్ సంస్థ సేకరించకూడదని ఆధార్ చట్టం 32(3) సెక్షన్ నిషేధించింది, ఎందుకంటే ఆ గడి కూడా ఉంటే ఒక మనిషి జీవితమంతా ఒకేచోట చదివేయవచ్చు. ఈ లాగ్‌లను ఏళ్ల తరబడి దాచే నిబంధనను 2018 సెప్టెంబరు 26న ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు తప్పుబట్టి, 6 నెలలకు మించి ఉంచరాదని చెప్పింది.

పింఛను కోసం ఇచ్చిన వివరాలు వేరే శాఖకు ఎలా వెళ్లాయి?

సబ్సిడీ, పింఛను, ధ్రువపత్రం, లైసెన్సు వంటివి ఇవ్వడానికి ప్రభుత్వం మళ్లీ కొత్తగా సమ్మతి తీసుకోకుండానే వివరాలను వాడుకునే వీలు డేటా చట్టం 7(బి) సెక్షన్ కల్పిస్తోంది. ఇంతకుముందు ఒక పథకానికి సమ్మతి ఇచ్చి ఉన్నా, నోటిఫై చేసిన ప్రభుత్వ డేటాబేసులో వివరాలు అప్పటికే ఉన్నా చాలు. ఒక పథకం ఫారం మీద పెట్టిన సంతకం ఇంకో పథకం దాకా నడిచి వెళుతుందన్నమాట.

దీనికి ప్రతిగా డేటా చట్టం నియమాల్లోని రెండో షెడ్యూలు కొన్ని షరతులు పెట్టింది. పనికి అవసరమైనన్ని వివరాలే వాడాలి, వాటిని సురక్షితంగా ఉంచాలి, వాడుతున్నట్టు పౌరుడికి తెలియజేయాలి, ప్రశ్నలకు జవాబిచ్చే మనిషి సంప్రదింపు వివరాలు ఇవ్వాలి. పారదర్శకత పరంగా ఈ షెడ్యూలులో విలువైనది ఈ చివరి రెండు షరతులే. ఒక శాఖ నుంచి వచ్చిన సందేశంలో సంప్రదించవలసిన అధికారి వివరం లేదంటే ఆ షరతు నెరవేరలేదని అర్థం. ఇవి కూడా 2027 మే నుంచి అమలు కావలసిన భాగంలోవే.

కంప్యూటర్ అనర్హులని చూపించిందంటూ రేషన్ కార్డు తీసేశారు. ఎందుకో చెప్పరా?

చెప్పి తీరాలి. పరిపాలనా నిర్ణయం వల్ల నష్టపోయిన వ్యక్తికి దాని కారణాలు తెలియజేయడం ప్రభుత్వ కార్యాలయం బాధ్యత అని ఆర్టీఐ చట్టం 4(1)(డి) సెక్షన్ చెబుతోంది. "సిస్టమ్ చూపించింది" అన్నది కారణం కాదు. ఏ డేటాబేసులో ఏ వివరం సరిపోలిందో, ఆ వివరం ఎవరిదో, క్షేత్రస్థాయిలో ఎవరు పరిశీలించారో చెబితేనే అది కారణం అవుతుంది.

తెలంగాణ అనుభవం ఇందుకు ఉదాహరణ. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తి, విద్యుత్తు వంటి రికార్డులను పేర్లు, చిరునామాల ఆధారంగా కలిపి, ఇవన్నీ ఒకే మనిషివని అంచనా వేసే సమగ్ర వేదిక అనే వ్యవస్థ అక్కడ ఉంది. పేర్లు కలిసే మన ఊళ్లలో ఇలాంటి లెక్క తప్పడానికి ఎంతోసేపు పట్టదు. ఒకే వీధిలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండి, ఒకరికి కారుంటే రెండోవారి బియ్యం ఆగిపోవచ్చు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల వ్యవహారంలో క్షేత్రస్థాయి పరిశీలన జరపాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ కార్డు రద్దయితే రద్దు ఉత్తర్వు ప్రతిని, అందుకు ఆధారమైన రికార్డును, క్షేత్ర పరిశీలన నివేదికను అడగండి. అవి మీ గురించి తీసుకున్న నిర్ణయానికి సంబంధించినవే కనుక ఇతరుల గోప్యత అనే అభ్యంతరం సాధారణంగా నిలవదు.

లబ్ధిదారుల జాబితాను సచివాలయం గోడకు అంటించారు. ఇది లీక్ కిందికి రాదా?

జాబితాలో ఏముందో చూడాలి. పేరు, ఊరు, పథకం, అందిన మొత్తం ఉంటే అది సామాజిక తనిఖీకి అవసరమైన పారదర్శకత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో సామాజిక తనిఖీల కోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేశారు. ఉపాధి హామీ మస్టర్ రోల్‌ను, అంటే కూలీల హాజరు పట్టికను, గ్రామసభలో పైకి చదువుతుంటే, చనిపోయిన మనిషి పేరు మీద కూలి పడిందని ఆ ఊరివాళ్లే లేచి చెప్పేవారు. పేరు చదవకపోతే ఆ దొంగతనం బయటపడేది కాదు.

అదే జాబితాలో ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఉంటే సంగతి వేరు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించరాదని ఆధార్ చట్టం 29(4) సెక్షన్ చెబుతోంది. కాబట్టి జాబితా మొత్తాన్ని తీసేయమని కాకుండా, ఆ నిలువు గడులను తొలగించి మళ్లీ అంటించమని రాతపూర్వకంగా కోరండి.

పోలీసులు రోడ్డు మీద ఆపి ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఏమైందో తెలుసుకోగలనా?

కష్టమే, కానీ అసాధ్యం కాదు. నేరాల నివారణ, దర్యాప్తు కోసం వివరాలు వాడేటప్పుడు డేటా చట్టంలోని చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంది. కొన్ని ప్రభుత్వ సంస్థలను జాతీయ భద్రత, శాంతిభద్రతల కారణంగా మొత్తం చట్టం నుంచే మినహాయిస్తూ నోటిఫికేషన్ ఇచ్చే అధికారం 17(2)(ఎ) సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. తెలంగాణ పోలీసులు ముఖ గుర్తింపు సాంకేతికతను వాడడాన్ని సవాలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో హైకోర్టు 2022లో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. మీరు అడగగలిగింది మీ ఫొటో గురించి మాత్రమే కాదు. ఫొటోలు తీయడానికి అధికారమిచ్చిన ఉత్తర్వు, వాటిని తొలగించే గడువు, కొనుగోలు ఒప్పందం వంటి పత్రాలను అడిగితే దర్యాప్తుకు ఏ భంగమూ కలగదు.

## అడిగేటప్పుడు

ఆర్టీఐలో ఏమని రాస్తే పనికొచ్చే జవాబు వస్తుంది?

"మా డేటా భద్రంగా ఉందా?" అని రాస్తే "భద్రంగానే ఉంది" అని ఒక్క ముక్క వస్తుంది. అంతకంటే వస్తే ఆశ్చర్యపోవాలి. ఆర్టీఐ చట్టం కింద ఇచ్చేది అభిప్రాయం కాదు, కార్యాలయం దగ్గర రికార్డుగా ఉన్న సమాచారం. అందువల్ల ప్రశ్న చివర ఒక పత్రం పేరు ఉండాలి. ఒక మండల కార్యాలయానికి ఇలా రాయవచ్చు:

"ఫలానా పథకం కింద సేకరించిన దరఖాస్తుదారుల వ్యక్తిగత వివరాలకు సంబంధించి ఈ క్రింది పత్రాల ప్రతులు ఇవ్వగలరు. 1) ఆ వివరాల సేకరణకు అనుమతించిన జీఓ లేదా సర్క్యులర్. 2) ఆ డేటాబేసులోకి లాగిన్ అధికారం ఉన్న హోదాల జాబితా, పేర్లు అవసరం లేదు. 3) ఈ వివరాలను ఇతర శాఖలతో లేదా ప్రైవేటు సంస్థలతో పంచుకోవడానికి కుదిరిన ఒప్పందాలు. 4) వివరాలను ఎంతకాలం ఉంచాలో, ఎప్పుడు తొలగించాలో తెలిపే ఉత్తర్వు. 5) గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో జరిగిన భద్రతా ఆడిట్ల తేదీలు, ఆడిట్ చేసిన సంస్థ పేరు. ఏదైనా పత్రం లేకపోతే లేదని స్పష్టంగా తెలుపగలరు."

రెండో అంశంలో "పేర్లు అవసరం లేదు" అన్న మాట, ఐదో అంశంలో ఆడిట్ నివేదికను కాకుండా తేదీనీ సంస్థ పేరునూ అడగడం కావాలని చేసినవే. తిరస్కరణకు సాకు దొరకకుండా ముందే తలుపు మూయడం అన్నమాట. చివరి వాక్యం మరీ ముఖ్యం. తొలగింపు ఉత్తర్వు లేదని ఒక కార్యాలయం రాతపూర్వకంగా ఒప్పుకోవడం చాలాసార్లు ఏ పత్రం కంటేనైనా విలువైన జవాబవుతుంది.

ఫీజు ఎంత? తెలుగులో రాయవచ్చా? ఎందుకు అడుగుతున్నానో చెప్పాలా?

ఆంధ్రప్రదేశ్ ఫీజు నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెలంగాణలోనూ ఇదే పద్ధతి కొనసాగింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం జతచేస్తే ఏమీ కట్టనక్కరలేదు. దరఖాస్తును ఆ ప్రాంత అధికార భాషలో రాయవచ్చు కనుక మన కార్యాలయాలకు తెలుగు చాలు. ఢిల్లీలోని కార్యాలయానికి పంపేటప్పుడు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయడం క్షేమం. కారణం చెప్పనక్కరలేదని ఆర్టీఐ చట్టం 6(2) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. తప్పు కార్యాలయానికి పంపినా వారు 5 రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

యాప్‌ను ప్రైవేటు సంస్థ నడుపుతోందంటున్నారు. అప్పుడు ఎవర్ని అడగాలి?

దానితో సంబంధం ఉన్న ప్రభుత్వ కార్యాలయాన్ని అడగాలి. ప్రైవేటు సంస్థ నుంచి వేరే ఏ చట్టం కిందనైనా ప్రభుత్వం తెప్పించుకోగల సమాచారం కూడా ఆర్టీఐ చట్టంలో "సమాచారం" కిందికే వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయంలో ముఖం చూపించి లోపలికి వెళ్లే డిజియాత్రను ఒక లాభాపేక్ష లేని కంపెనీ నడుపుతోంది. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం వాటా, మిగతాది విమానాశ్రయ కంపెనీలది. కంపెనీనే నేరుగా అడిగితే ఆర్టీఐ దానికి వర్తిస్తుందా లేదా అన్న వాదనలోనే కాలం గడుస్తుంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీని, పౌర విమానయాన శాఖను అడిగితే ఆ వాదన ఉండదు.

యాప్ పూర్తిగా ప్రభుత్వానిదే అయినా జవాబు సులువుగా వస్తుందనుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సేతును ఎవరు తయారుచేశారని అడిగిన దరఖాస్తుకు, ఆ యాప్ వెబ్‌సైట్ మీదే పేరున్న జాతీయ సమాచార కేంద్రం సహా సంబంధిత కార్యాలయాలు తమ దగ్గర సమాచారం లేదన్నాయి. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర సమాచార కమిషన్ దాన్ని తప్పుబట్టి నోటీసులిచ్చింది. కోట్ల ఫోన్లలోకి ఎక్కిన యాప్‌కు కన్నవారెవరో కాగితం మీద తేలకపోవడం మన రికార్డుల తీరుకు అద్దం పడుతుంది.

## కాదన్నప్పుడు

"వ్యక్తిగత సమాచారం" అని తిరస్కరించారు. ఇక దారి లేనట్టేనా?

ఉంది, కానీ మునుపటి కంటే ఇరుకైంది. ఆర్టీఐ చట్టం 8(1)(జె) సెక్షన్ పాత రూపంలో, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని లేదా గోప్యతలోకి అనవసరంగా చొరబడే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే నిరాకరించే వీలుండేది. పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం కూడా అందులో ఉండేది. డేటా చట్టం 44(3) సెక్షన్ ఈ షరతులన్నీ తీసేసి, "వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం" అన్న మినహాయింపును మాత్రమే మిగిల్చింది. డేటా చట్టంలో పౌరులకు మేలు చేసే బాధ్యతలకు 18 నెలల గడువిచ్చి, ఈ సవరణను మాత్రం 2025 నవంబరులోనే అమల్లోకి తెచ్చారు. ఆ వరుస చూస్తే తొందర ఎక్కడుందో అర్థమవుతుంది.

అయితే 8(2) సెక్షన్ అలాగే ఉంది. నిరాకరణ వల్ల కాపాడే ప్రయోజనం కంటే వెల్లడి వల్ల కలిగే ప్రజాప్రయోజనం ఎక్కువైతే, మినహాయింపు కిందికి వచ్చే సమాచారాన్ని కూడా ఇవ్వవచ్చు. మునుపు అధికారి వెతుక్కోవలసిన ఆ ప్రజాప్రయోజనాన్ని ఇప్పుడు దరఖాస్తులోనే మీరు వివరించాలి. దానికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: మీరడిగింది నిజంగా ఒక వ్యక్తి గురించేనా? భద్రతా విధానం, ఒప్పందం, లాగిన్ హోదాల జాబితా, తొలగింపు ఉత్తర్వు ఏ మనిషికీ చెందిన వివరాలు కావు. వాటికి ఈ సెక్షన్ వర్తించదని అప్పీలులో ఒక్క వాక్యంలో రాయండి.

భద్రతా కారణాల వల్ల ఇవ్వలేమన్నారు. అది సరైనదేనా?

కొంతవరకు సరైనదే. సర్వర్ల చిరునామాలు, సాఫ్ట్‌వేర్‌లో ఇంకా సరిచేయని లోపాలు బయటపెడితే నష్టపోయేది మనమే. నిఘా, భద్రతా సంస్థలకు ఆర్టీఐ చట్టం 24వ సెక్షన్, రెండో షెడ్యూలు కింద మినహాయింపు ఉంది. సైబర్ దాడుల సమాచారాన్ని అందుకునే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్‌ను కూడా 2023 నవంబరులో ఆ జాబితాలో చేర్చారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మాత్రం మినహాయింపు వర్తించదు.

కానీ ఒక పత్రంలో కొంత భాగం రహస్యమైతే ఆ భాగాన్ని నల్లసిరాతో కొట్టేసి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతోంది. ఆడిట్ జరిగిందా, ఎప్పుడు జరిగింది, బయటపడిన లోపాల్లో ఎన్ని సరిచేశారు అన్న లెక్కలతో ఏ దొంగకూ తాళంచెవి దొరకదు. సెర్ట్-ఇన్ ఇవ్వకపోయినా, దాడికి గురైన శాఖ తన దగ్గరున్న రికార్డుకు తాను జవాబుదారీయే.

నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడేం చేయాలి?

ఆర్టీఐ దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయాలి. దాన్ని ఆయన 30 రోజుల్లో, కారణం చూపితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర లేదా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన పౌర సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. స్పీడ్ పోస్టు రశీదు, అందినట్టు వచ్చిన రుజువు పారేయకండి. మీ గడువు లెక్కలన్నీ వాటిమీదే నిలబడతాయి.

## వివరాలు బయటపడినప్పుడు

లీకైతే నాకు కబురు చేస్తారా?

2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలతో సహా అందరూ సైబర్ దాడి గురించి తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. పౌరులకు చెప్పాలని అందులో లేదు. ఆ లోటును డేటా చట్టం పూడుస్తుంది: వివరాలు బయటపడితే బాధితులకు ఆలస్యం లేకుండా తెలియజేయాలి, ఆ చట్టం అమలును చూసే డేటా రక్షణ మండలికి 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి. ఇది 2027 మే నుంచి అమలు కావలసిన భాగం.

చెప్పే సంప్రదాయం లేనప్పుడు ఏమవుతుందో 2023 జూన్‌లో చూశాం. ఫోన్ నంబరు కొడితే కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్‌లో నమోదైన గుర్తింపు కార్డు వివరాలు ఇస్తున్న టెలిగ్రామ్ బాట్ ఒకటి బయటపడింది. అలాంటి కథనాలకు ఆధారం లేదని ఆరోగ్య శాఖ ప్రకటించింది. బాట్ నేరుగా కోవిన్ డేటాబేసును చేరలేదని సెర్ట్-ఇన్ ప్రాథమికంగా తేల్చినట్టు చెప్పింది. ఆ తర్వాత ఢిల్లీ పోలీసులు ఈ కేసులో అరెస్టు కూడా చేశారు. మరి తమ వివరాలు ఆ బాట్ చేతికి ఎలా చిక్కాయన్నది టీకా వేయించుకున్నవారికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నా ఆధార్ నంబరు అందరికీ కనిపిస్తోంది. ఏం చేయాలి?

ముందుగా పేజీ చిరునామా, తేదీ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ లింకును వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. మీతోపాటు జాబితాలో ఉన్న వందల మందికి అది ఇంకా కీడు చేస్తుంది. తర్వాత ఆ శాఖకు, ఆధార్ సంస్థకు 29(4) సెక్షన్‌ను ప్రస్తావిస్తూ ఈమెయిల్ పంపి, 1947లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆధార్ చట్టం కింద కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు మొదట ఆధార్ సంస్థకే ఉండేది. 2019 సవరణతో కొన్ని నేరాల విషయంలో బాధితుడికీ వచ్చింది.

ఇది తెలుగువారికి కొత్త కథ కాదు. సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల ద్వారా బహిర్గతమై ఉండవచ్చని 2017 మేలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక ఇచ్చింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టళ్లు. అదే ఏడాది, దాదాపు 210 ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఆధార్ వివరాలు కనిపించాయని ఆధార్ సంస్థే ఒక ఆర్టీఐ జవాబులో ఒప్పుకుంది. వీటిలో ఎవరూ తాళం పగలగొట్టలేదు. పారదర్శకత పేరుతో జాబితాలు పెట్టినవారే ఏ గడి దాచాలో ఆలోచించలేదు.

నష్టపరిహారం ఇస్తారా? శాఖకు జరిమానా పడుతుందా?

డేటా చట్టం కింద తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు, లీక్ సంగతి చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా విధించే అధికారం డేటా రక్షణ మండలికి ఉంటుంది. మినహాయింపు పొందని ప్రభుత్వ శాఖలకూ ఇది వర్తిస్తుంది. ఆ సొమ్ము బాధితుడికి రాదు, భారత సంచిత నిధికి వెళుతుంది. కేంద్ర శాఖ కట్టి కేంద్ర ఖజానాలో పడడమంటే కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకోవడమే. మండలి సభ్యులను నియమించేదీ కేంద్రమే. బాధితుడికి నష్టపరిహారం ఇప్పించే నిబంధన ఆ చట్టంలో లేదు కనుక, తీవ్రమైన నష్టం జరిగితే హైకోర్టులో రిట్ వేయడం గురించి న్యాయవాదిని సంప్రదించాలి. మండలికి ఫిర్యాదు చేసే ముందు సంబంధిత సంస్థకే ఫిర్యాదు చేసి ఉండాలి. వారికి జవాబివ్వడానికి గరిష్ఠంగా 90 రోజుల గడువుంటుంది. మోసగాళ్లు డబ్బు లాగేసిన పక్షంలో ఇవేవీ ఆలోచించకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

## విదేశాల్లో ఉన్న తెలుగువారికి

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నాను. అక్కడి ప్రభుత్వం దగ్గరున్న నా ఫైలు అడగవచ్చా?

అడగవచ్చు, అయితే ఏ చట్టం కింద అడుగుతున్నారన్నది చూసుకోవాలి. 1974 నాటి ప్రైవసీ చట్టం ఇచ్చే హక్కులు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాదారులు దాని పరిధిలోకి రారు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద మాత్రం పౌరసత్వంతో నిమిత్తం లేకుండా ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు కనుక, ఇమిగ్రేషన్ ఫైలు కాపీ కోసం వెళ్లే దారి అదే. అక్కడి ప్రతి కేంద్ర ప్రభుత్వ సంస్థ తన దగ్గరున్న వ్యక్తిగత రికార్డుల వ్యవస్థ గురించి ఫెడరల్ రిజిస్టర్ అనే అధికారిక గెజిట్‌లో నోటీసు ప్రచురించాలి. ఏ వివరాలు, ఎవరితో పంచుకుంటారు, ఎంతకాలం ఉంచుతారు అన్నవి అందులో ఉంటాయి. ఆ నోటీసులు చదవడానికి వీసా హోదాతో పనిలేదు.

యూరప్‌లో, బ్రిటన్‌లో ఉన్నవారి సంగతేమిటి?

అక్కడ నిలబడడానికి గట్టి నేల ఉంది. జీడీపీఆర్ అనే యూరప్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 15వ అధికరణ కింద పౌరసత్వంతో సంబంధం లేకుండా ఎవరైనా తమ వివరాల ప్రతిని ప్రభుత్వ కార్యాలయాన్ని కూడా అడగవచ్చు. సాధారణంగా ఫీజు ఉండదు, ఒక నెలలో జవాబివ్వాలి, చిక్కుముడి ఉంటే మరో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. బ్రిటన్ కూడా ఇదే పద్ధతిని తన చట్టంలో ఉంచుకుంది. యూరప్‌లో ప్రభుత్వ శాఖలకు జరిమానాలూ పడతాయి: 2019లో దాదాపు 50 లక్షల మంది వివరాలు బయటపడినందుకు బల్గేరియా తన పన్నుల సంస్థకే 51 లక్షల లెవాల (అక్కడి అప్పటి కరెన్సీ) జరిమానా వేసింది. ఎస్టోనియా ఇంకో అడుగు ముందుకు వేసి, జనాభా రిజిస్టరు వంటి వాటిలో తమ వివరాలను ఏ సంస్థ ఎప్పుడు చూసిందో ఎవరికి వారు చూసుకునే సదుపాయం పెట్టింది. అక్కడ చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్లి నివాస కార్డు తీసుకున్నవారు దానితోనే లాగిన్ అయి ఆ జాబితాను తెరవవచ్చు.